ఓడల ఆసామి పిలక

పని లేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత. ఆ సామెత కట్టినవాడెవడో మా ఆయన్ని చూడలేదు. మా ఆయనకి రంగంలో, అదే బర్మా రంగూన్‌లో, చేతినిండా పని ఉండేది. ఆ పనిలో పనిగా ఒక చీనా ఓడల ఆసామి తల గొరిగి, రెండు సర్కార్ల మధ్య తగువు పెట్టాడు. పిల్లి తల గొరిగినా నయమే, పిల్లి తరఫున ఏ సర్కారూ రాదు.

ఇది ఇరవైలనాటి మాట. మేము అహ్లోన్‌లో నది ఒడ్డున, బియ్యం మిల్లు వెనకాల కూలీల లైన్లలో ఒక గదిలో ఉండేవాళ్లం. చుట్టూ మనవాళ్లే. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం వైపు నుంచి ఓడెక్కి వచ్చి బస్తాలు మోసుకునేవాళ్లు. మా ఆయన పొద్దున్నపూట లైన్లలో మనవాళ్లకి క్షవరాలు చేసేవాడు, మధ్యాహ్నం జైలుకి వెళ్లి ఖైదీలకి చేసేవాడు. నేను మంత్రసానిని. లోకంలో ఉన్న తలల సంగతి ఆయన చూసుకుంటే, కొత్తగా వచ్చే తలల సంగతి నేను చూసుకునేదాన్ని.

జైలు పని మాకెందుకంత ముఖ్యమో ముందే చెప్పాలి. మా ఊళ్లో మంగలంటే పొది చంకన పెట్టుకుని ఆసాముల గుమ్మాల ముందుకి పోవాలి. ఆసామికి తీరిక దొరికేదాకా ఎండలో గొంతుక్కూర్చోవాలి. ఆసామి అరుగు మీద, మనం నేల మీద. ఏడాదికోసారి కళ్లంలో వాళ్లు విదిల్చిన గింజలే మన కూలి. రంగంలో మా ఆయన ఒక చేతుల కుర్చీ కొన్నాడు. ఎవడొచ్చినా అందులో కూర్చోవాల్సిందే. మా ఆయన నిలబడి ఎటు వంచమంటే వాడు అటు తల వంచాల్సిందే. అది చూసిన రోజే, చచ్చినా మళ్లీ ఆ గుమ్మాల ముందుకి వెళ్లేది లేదని నేను ఒట్టు పెట్టుకున్నాను. కానీ బస్తాలు మోసేవాళ్లు ఇచ్చే డబ్బులు వక్కాకులకే సరిపోయేవి. గది అద్దె కట్టేది జైలు జీతమే. అది పోతే రంగం పోయినట్టే, ఊరి గుమ్మాలు మళ్లీ వచ్చినట్టే.

ఇంత తెలిసీ మా ఆయనకో పట్టుదల ఉండేది. తల్లి బతికున్నవాడి తల నున్నగా గొరగడు. మనలో గుండూ మీసమూ తీసేది కన్నవాళ్లు పోయినప్పుడు కదా. తల్లి ఇంట్లో నిక్షేపంలా కూర్చుని ఉండగా కొడుకు తల బోడి చేస్తే, ఆవిడ చావు కోరుకున్నట్టేనని ఆయన లెక్క. జైలు రూలు ప్రకారం హిందూ ఖైదీలకి మాత్రమే పిలక ఉంచాలి. మా ఆయన ఆ రూలుని మనుషులందరికీ వర్తింపజేశాడు. ఎవడు ముందు కూర్చున్నా కత్తి తీసేముందు బర్మా భాషలో "అమే షిలా?" అని అడిగేవాడు. అమ్మ ఉందా అని. ఉందంటే వెనక నాలుగు వెంట్రుకలు ఉంచేవాడు, లేదంటే నున్నగా చేసేవాడు. బర్మావాళ్లు నవ్వుకుని ఊరుకునేవారు. జైలు టోపీ కింద ఎవడి తల ఎలా ఉందో జైలు దొరకి పట్టలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషికి, నాలుగో కాలు చూపించేవాడు కూడా లేకపోయాడు.

అలాంటివాడి చేతికి ఓడల ఆసామి చిక్కాడు. నిజానికి ఆ చీనావాడివి ఓడలు కావు, లాంచీలు. జనాన్నీ ధాన్యాన్నీ వేసుకుని డెల్టాలోకి పొగ కక్కుకుంటూ పోయేవి. కానీ ఆయన ముందు లాంచీ అన్నవాణ్ణి ఆయన ఎక్కించుకునేవాడు కాడు, అందుకని అందరం ఓడల ఆసామి అనేవాళ్లం. ఒకరోజు ఆయన లాంచీ ఒకటి జెట్టీకి వస్తూ ఒక తెల్లదొర పడవని రాసుకుంది. దొర నీళ్లలో పడ్డాడు. దొరని పైకి లాగారు గానీ ఆయన టోపీ మాత్రం సముద్రం దారి పట్టింది. జరిమానాతో పోయే కేసే. కానీ కోర్టులో ఆసామి ఊరుకోక, దొరగారికి పడవలో కూర్చోవడం చేతకాకపోతే నా ఓడేం చేస్తుందని అడిగాడట. నెల రోజులు జైలు వేశారు.

రంగంలో ఉండే చీనా కాన్సల్, అంటే అక్కడున్న చీనావాళ్ల బాగోగులు చూడమని చీనా సర్కారు పంపిన పెద్దమనిషి, అప్పటికే మండిపడుతున్నాడు. తెల్లవాడైతే జరిమానా, మావాడైతే జైలా అని ఆయన కోపం. అందులో న్యాయం లేకపోలేదు. ఖైదీని ఎలా చూస్తున్నారో కళ్లారా చూడాలని ఆయన జైలుకి వచ్చాడు. ఆసామి మర్యాదగా టోపీ తీసి వంగి దండం పెట్టాడు. బోడిగుండు మీద వెనకాల పిలక లేచి నిలబడింది.

ఆ పిలకలో ఉన్న విషం మా ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. వెనకటికి చీనా దేశాన్ని ఏలిన చక్రవర్తులు మగవాళ్లందరి చేతా ముందు తల గొరిగించి, వెనక పొడుగు జడ వేయించేవారట. జడ తీసినవాడి తల తీసేవారట. అప్పటికి పదేళ్ల కిందటే ఆ చక్రవర్తి దిగిపోయాడు, ప్రజల రాజ్యం వచ్చింది, జడలు కత్తిరించుకున్నారు. రంగంలో అందరికంటే ముందు జడ కత్తిరించుకుని, బల్లెక్కి ఉపన్యాసమిచ్చినవాడు మన ఓడల ఆసామే. అలాంటివాడి నెత్తిన ఇంగ్లీషు సర్కారు వారి జైల్లో మళ్లీ జడ మొలిచింది. చక్రవర్తి పోయాడు గానీ మీకు నేనున్నానని ఇంగ్లీషువాడు వెక్కిరిస్తున్నాడని కాన్సల్‌కి అర్థమైంది. ఆసామికైతే అది నెత్తి మీద ఉన్నట్టు తెలుసు. కానీ జైలు రూలేమో అనుకుని ఊరుకున్నాడట. దొరని నీళ్లలో పడేసినందుకు ఇదో శిక్ష కాబోలనుకున్నాడు పాపం.

ఇక చూడండి. కాన్సల్ ఇక్కడి లాటుదొరకి రాశాడు. లాటుదొర మాకేం తెలియదని రాశాడు. తెలియకపోవడమే పెద్ద అవమానమని కాన్సల్ తన దేశానికి తంతి కొట్టాడు. వాళ్లు లండనుకి కొట్టారట. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని మనం ఊరికే అంటుంటాం. వీళ్లు నిజంగానే పెట్టేశారు. ఆ కోపంతో రంగంలో చీనావాళ్లు లాంచీలు ఆపేశారు. చీనా వడ్రంగులు ఉలులు కింద పెట్టారు. ధాన్యం రాక మిల్లు ఆగింది, మిల్లు ఆగితే లైన్లలో మనవాళ్లకి పని లేదు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, వాళ్లకి పౌరుషాలు, మాకు పస్తులు. మనవాళ్లు సర్కార్ల మీదికి వెళ్లలేరు కనక మా గుమ్మం మీదికి వచ్చేవారు. నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు నేను బిందె పెడితే పక్కకి జరిగేవారు. అందులో సగం మంది పిల్లల్ని ఈ చేతులతో బయటికి తీసినదాన్ని నేను. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి రాజీ కుదిరింది. ఇంగ్లీషువాడు క్షమాపణ చెప్పడట. దాని బదులు, తన కళ్ల ముందు ఆ పిలక తీయించాలని కాన్సల్ అడిగాడు. అది కూడా ఏ చెయ్యి ఉంచిందో ఆ చెయ్యే తీయాలన్నాడు. జైలు దొరకి ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే చవకైన రాజీ ఎక్కడ దొరుకుతుంది? మా ఆయన్ని పిలిచి దుబాసీ చేత చెప్పించాడు. ఆ దుబాసీ మన కాకినాడవాడు, ఇస్త్రీ చొక్కా. రెండు సర్కార్ల పరువు నీ కత్తి మీద ఉంది నాయనా అన్నాడట.

"బాబూ, అమ్మున్నోడి నెత్తి నాను బోడి సెయ్యను. ఇంకోడి సేతికియ్యండి కత్తి," అన్నాడు మా ఆయన.

దుబాసీ రెండుసార్లు అడిగి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చాడు. దొర బల్ల గుద్దాడు. ఎల్లుండి కాన్సల్ వచ్చేసరికి కత్తి పట్టుకుని సిద్ధంగా ఉంటే సరి, లేదంటే ఉద్యోగం ఊడపీకి, మనిషిని ఎక్కడినుంచి వచ్చాడో అక్కడికే ఓడెక్కించేస్తానన్నాడు.

ఆ సంగతి ఇంటికొచ్చి నాకు చెప్పాడు, అన్నం తింటూ, ఎవరింటి సంగతో అన్నట్టు. నేను గరిటె విసిరికొట్టాను. ఆ తగువు లైన్లు లైన్లంతా విన్నారు, కాబట్టి దాచి లాభం లేదు. నిన్ను కట్టుకున్నందుకు నాకీ రాత అన్నాను, నీ కత్తి తుప్పు పట్టిపోను అన్నాను. కోపం అయిపోయాక బతిమాలాను కూడా.

"రెండెంటికలు మావా. ఆడి పిలక కోసరం మనం ఓడెక్కాలేటి?"

"ఆడి పిలక కాదే. ఆల్లమ్మది," అన్నాడు, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అప్పుడు తట్టింది నాకు. పిలక ఆ అమ్మదే అయితే ఆ అమ్మనే అడిగితే పోలా? తీసెయ్యండి బాబూ, నాకేం పట్టింపు లేదని ఆవిడ ఒక్కమాటంటే మా ఆయన ఒప్పుకోక ఏం చేస్తాడు? మర్నాడు పొద్దున్నే, మనవాణ్ణి కట్టుకుని తెలుగు నేర్చిన పక్కగది బర్మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆవిణ్ణి నేను అమా అనేదాన్ని, బర్మాలో అక్కని అలాగే అంటారు. అప్పటికి నాకొచ్చిన బర్మా భాష చేపలు బేరమాడ్డానికే సరిపోయేది, అందుకే ఆవిడ తోడు.

ఓడల ఆసామి ఇల్లు చిమిండైంగ్ బజారు వెనక. ఆ ఇంటి వెనకింటి పిల్లకి పురుడు నేనే పోశాను కనక దారి తెలుసు. తల్లి మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చీనా ఆచారం ప్రకారం పెరక్కుండా చిన్నప్పుడే గుడ్డలతో బిగించి కట్టేసిన పాదాలు, పిడికిలంత. పుచ్చగింజలు కొరుకుతూ తొక్కలు నా వైపే ఊస్తోంది. అక్కడే పుట్టిన మనిషిలా బర్మా మాట్లాడింది. నేను మొదలుపెట్టగానే కోడళ్లు కళ్లతో సైగలు చేశారు. నాకర్థం కాలేదు. అంతా చెప్పేశాను. తీరా చూస్తే, కొడుకు జైల్లో ఉన్నాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదట. వ్యాపారం మీద డెల్టాకి వెళ్లాడని చెప్పి ఇన్నాళ్లూ నెట్టుకొస్తున్నారు.

ముసలావిడ కోడళ్ల వైపు చూసి ఏదో అంది. ఇంట్లో ఉన్నా నన్ను చచ్చినదాని కిందే జమకట్టారని ఆవిడ అన్నట్టు అమా తర్వాత చెప్పింది. కోడళ్లందరూ తలలు దించేశారు. అత్తలకి ఏ దేశంలోనైనా నోరు ఒకటేనని అప్పుడు తెలిసింది నాకు. తర్వాత ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని, పిలక సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పించుకుంది. మా ఆయన ప్రతి ఖైదీనీ అమ్మ ఉందా అని అడుగుతాడని చెబితే కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వి, ఆ మంగలికి తల్లి ఉందా అని అడిగింది.

లేదన్నాను. ఎలా పోయిందని అడిగింది. ఎందుకో నాకు దాచాలనిపించలేదు. పరాయి దేశంలో, పరాయి ముసలావిడ ముందు అన్నీ చెప్పేశాను. మా అత్త ఊళ్లోనే పోయింది. దగ్గరున్నది నేనొక్కదాన్నే. ఆయన రంగంలో ఉన్నాడు. కొన్ని నెలల తర్వాత ఊరివాళ్లతో కలిసి నేను ఓడెక్కి వచ్చాను. ఆయన జెట్టీ మీద కొత్త చొక్కా వేసుకుని, మీసం మెలేసి, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. తల్లి పోయినవాడికి అంత మీసం ఎక్కడిదని జనం నవ్వరా? ఓడ దిగి మొదటి మాటగా ఆ కబురే చెప్పాల్సివచ్చింది నాకు. కబురెందుకు పెట్టలేదని అడిగాడు. రాసిపెట్టేవాళ్లు దొరకలేదన్నాను. పొది విప్పి, నీళ్లయినా తడుపుకోకుండా, ఆ జనం మధ్యే మీసం తీసేసుకున్నాడు. పెదవి పైన రక్తం వచ్చింది. ఇన్ని నెలలూ అమ్మ ఉన్నవాడిలా తిరిగానే అని ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత మొదలైంది ఈ అమ్మ ఉందా అని అడగడం.

అమా ఇదంతా బర్మాలోకి మార్చి చెప్పేసరికి తనే ఏడుస్తోంది. ముసలావిడ ఏడవలేదు. పుచ్చగింజల పళ్లెం పక్కకి నెట్టి, రేపు రిక్షా తీసుకుని రమ్మంది. ఆవిడ తీసెయ్యమందో ఉంచమందో నాకు తేలలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మర్నాడు ఆవిణ్ణి జైలుకి తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆడవాళ్లు లోపలికి వెళ్లడానికి లేదన్నారు. ఆవిడ ఆ పిడికిలంత పాదాల మీద నిలబడి, నా భుజం పట్టుకుని, నడవసాగింది. అంత ముసలిదాన్ని తోసేసే మొగాడు ఆ గేటు దగ్గర లేడు. నేను ఆవిడ చేతికర్రనయ్యాను కనక నన్నూ ఆపలేదు.

లోపల ఆఫీసు ముందు బల్ల మీద ఆసామి బోడిగుండుతో కూర్చుని ఉన్నాడు, పిలక అలాగే ఉంది. కాన్సల్ సూటు వేసుకుని గొడుగు పట్టుకున్నాడు. జైలు దొర గడియారం చూసుకుంటున్నాడు. మా ఆయన పొది విప్పకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ మొహం చూసి ఇక మా పని అయిపోయిందనుకున్నాను. తల్లిని చూడగానే ఆసామి ఎగిరి లేచాడు.

ముసలావిడ కొడుకుని కూర్చోమంది. మా ఆయన ముందుకి వెళ్లి చెయ్యి చాపింది. ఆయనకి అర్థమైంది. కత్తి తీసి, కడిగి, తోలు మీద పట్టి, పిడి ఆవిడ వైపు తిప్పి ఇచ్చాడు. ఆవిడ కొడుకు పిలక పట్టుకుని, అందరికీ తెలిసేలా బర్మాలోనే అంది:

"జడ కోసుకున్ననాడు నువ్వు నన్ను అడగలేదు. ఇతను అడిగాడు. ఇది నాది, నేనే తీసుకుపోతాను."

మా ఆయన ఆవిడ మోచెయ్యి కింద చెయ్యి వేసి ఆసరా పట్టాడు, కత్తి మాత్రం ముట్టుకోలేదు. నాలుగు వెంట్రుకలు తెగడానికి చాలాసేపు పట్టింది. ఆసామి తల వంచుకుని ఏడుస్తున్నాడు. ఆవిడ ఆ వెంట్రుకలు రుమాల్లో మూటకట్టి రొమ్ములో దోపుకుంది. కాన్సల్ గొడుగు కింద పెట్టి ఆవిడకి నడుం దాకా వంగి దండం పెట్టాడు. కన్నతల్లి మీద ఏ సర్కారు మాత్రం తంతి కొడుతుంది? మంగలి మీద మాకేమీ కోపం లేదని ఆయనే దుబాసీకి చెప్పాడు.

తగువు తీరింది. పిలక తీయించామని చీనావాళ్లు, క్షమాపణ చెప్పలేదని ఇంగ్లీషువాళ్లు, గెలిచింది మేమంటే మేమని చెప్పుకున్నారు. లాంచీలు కదిలాయి, మిల్లు కూసింది, నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లకి మళ్లీ నేను కనపడ్డాను. జైలు దొర మాత్రం, చెప్పిన పని చెయ్యనన్నవాణ్ణి ఉంచుకుంటే రేపు ఖైదీలు కూడా మేం చెయ్యం అంటారని మా ఆయన్ని తీసేశాడు. కాన్సల్ అన్న మాట వల్ల బలవంతంగా ఓడెక్కించడం మానేశాడు. మేమే వెళ్తామంటే ఓడ ఖర్చు సర్కారే పెట్టుకుంటుందని దుబాసీ చేత చెప్పించాడు. పరువు కోసం సర్కారువాళ్లు ఎంత ఖర్చయినా పెడతారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన ట్రంకుపెట్టెలో నా చీరలు సర్దుతున్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు, భయమేసింది.

"ఊరెల్పోదామే. అమ్మకి నాను ఒక్క పనీ సెయ్నేదు. అమ్మ పేరు సెప్పి మనూరి సముద్రంలో ఒక్క ముంగు ముంగుతాను. తరవాత ఆ గుమ్మాలేనా పరవానేదు," అన్నాడు.

వెళ్లనని అరవచ్చు. అరిచినా వినే మనిషి కాడు. ఇక దాచలేకపోయాను. చెప్పొద్దని మా అత్త నా చేత ఒట్టు వేయించుకుంది. ఆవిడ మాట దాటే ధైర్యం ఆవిడ బతికుండగా నాకు లేదు, పోయాకా లేదు. కానీ ఆ పూట పెట్టె పక్కన కూర్చుని దాటేశాను. రాసేవాళ్లు దొరక్కపోవడం కాదు మావా అన్నాను. ఆఖరి రోజుల్లో, నీకు కబురు పెడతానంటే మీ అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపింది అన్నాను.

"ఏటందే?" అన్నాడు.

"ఆడికి కబురెట్టొద్దు, వొస్తే మరెల్లడు, మల్లీ ఈ గుమ్మాల కాడ కూకుంటాడు, ఆడి మీసం ఆడికుండనీ, అంది."

ఆయన పెట్టెలోంచి నా చీరలు ఒక్కొక్కటే తీసి, మడతలు విప్పి, తిరిగి దండెం మీద వేశాడు. వేస్తున్నంతసేపూ అమ్మా అమ్మా అని చిన్నపిల్లాడిలా ఏడుస్తూనే ఉన్నాడు.